మాంసకృత్తుల డబ్బా ఎవరికి?

కొంతకాలంగా మన ఇండ్లలో వంటగది అలమరలోనికి ఒక క్రొత్త డబ్బా వచ్చి చేరుతున్నది. పప్పుల డబ్బాల కంటె ఎత్తుగా, నల్లగా నిగనిగలాడుతూ, మెరిసే అక్షరాలతో, కండలు తిరిగిన భుజాల బొమ్మతో అది దూరం నుంచే కనబడుతుంది. దానిని ప్రోటీన్ పౌడరు అంటున్నాం. మన పాఠ్యపుస్తకాల భాషలో మాంసకృత్తుల పొడి. ఉదయం వ్యాయామశాల నుంచి వచ్చిన కుమారుడు ఒక చెంచాడు పొడిని నీళ్ళలో వేసి గిలకొట్టి త్రాగుతాడు. "నెల తిరగకముందే ఇంకొక డబ్బానా?" అని తండ్రి అడుగుతాడు. "ఇది త్రాగితే మూత్రపిండాలు పాడవుతాయంటున్నారురా అబ్బాయీ" అని తల్లి భయపడుతుంది. "అందరూ త్రాగుతున్నారమ్మా" అని కుమారుడు బదులు చెబుతాడు.

ఈ మూడు మాటలలో ఒకటి ధరను గురించినది, ఒకటి భయాన్ని గురించినది, మూడవది పదిమందిని చూచి నడవటాన్ని గురించినది. మూడూ కొట్టివేయదగిన మాటలు కావు. కాని మొదట వేసుకోవలసిన ప్రశ్న ఈ మూడింటిలోనూ లేదు. మన ఇంటిలో మాంసకృత్తుల కొరత అసలు ఎవరికి ఉన్నది? ఎంత ఉన్నది? దీనికి జవాబు దొరికిన తరువాతగాని, ఏ డబ్బా కొనాలన్న విచారణకు అర్థం లేదు. ఈ పూట ఆ లెక్కను మీతో కలిసి కట్టాలని నా ఉద్దేశం.

ముందు మాట సంగతి చూద్దాం. ప్రోటీన్ అనే పేరును హాలండు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ముల్డర్ 1838లో ప్రచారంలోకి తెచ్చాడు. ఆ పేరు సూచించినవాడు స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్. గ్రీకు భాషలో దానికి మూలమైన మాటకు ప్రథమస్థానంలో ఉండేది అని భావం. మనవారు దానిని మాంసకృత్తు అన్నారు. మాంసాన్ని చేసేది అని అర్థం. చక్కని మాటే గాని, కొంచెం దారి తప్పించే మాట. ఆ మాట వింటే, తిన్నది తిన్నట్లుగా కండ అయిపోతుందేమో అనిపిస్తుంది. ఇంటి ముంగిట ఇటుకలు దింపినంత మాత్రాన గోడ లేవదు గదా! తాపీపనివాడు రావాలి, తాడు పట్టాలి, వరుస పేర్చాలి. శరీరంలో ఆ తాపీపని చేసేది శ్రమ. దండీలు తీసినప్పుడు, బస్కీలు తీసినప్పుడు, బరువులు ఎత్తినప్పుడు, పొలంలో పార పట్టినప్పుడు కండరానికి పని పడుతుంది. ఆ పని పడిన చోటనే శరీరం క్రొత్త కండను పేరుస్తుంది. పనిలేని చోట ఇటుకలు వృథా. అవసరానికి మించి తిన్న మాంసకృత్తులను శరీరం అలాగే దాచుకోలేదు. వాటిలోని నత్రజనిని యూరియాగా మార్చి మూత్రపిండాల ద్వారా బయటికి పంపి, మిగిలిన భాగాన్ని శక్తి కోసం మండిస్తుంది, లేదా కొవ్వుగా మారుస్తుంది. కనుక ఖరీదైన పొడిని అవసరానికి మించి త్రాగేవాడు కండను కొనటం లేదు. ఖరీదైన వంటచెరకును కొంటున్నాడు.

ఈ ఇటుకలలోనూ రకాలున్నవి. వాటిని అమినో ఆమ్లాలు అంటారు. మన శరీరపు మాంసకృత్తులన్నీ 20 రకాల అమినో ఆమ్లాల కూర్పులు. అందులో 9 రకాలను శరీరం తనంతట తాను తయారుచేసుకోలేదు. ఆహారం నుంచే రావాలి. పాలు, గ్రుడ్లు, చేపలు, మాంసం ఈ 9 రకాలనూ తగిన పాళ్ళలో ఇస్తాయి. బియ్యంలో లైసీన్ అనేది తక్కువ. పప్పులలో లైసీన్ పుష్కలం, మెథియొనీన్ అనేది తక్కువ. అన్నంలో పప్పు కలుపుకొన్నప్పుడు ఒకదాని లోటును ఇంకొకటి తీరుస్తుంది. ఇడ్లీలో బియ్యపురవ్వ, మినపపప్పు కలవటం, పొంగలిలో బియ్యం, పెసరపప్పు కలవటం ఇదే లెక్క. అమినో ఆమ్లాల పేర్లు పుట్టక మునుపే మన వంటయిండ్లు ఈ పొత్తును కనిపెట్టుకొన్నవి. ఈనాడు మాంసం ముట్టనివారి కోసం బటాణీ, బియ్యం మాంసకృత్తులను కలిపి పొడిగా అమ్ముతున్నారు. అది మన పప్పన్నమే. కాకపోతే డబ్బాలో కూర్చున్నది.

ఇక రోజుకు ఎంత కావాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల సంస్థ మన హైదరాబాదులోనే ఉన్నది. 1918లో కూనూరులో డాక్టర్ మెక్కారిసన్ ఆధ్వర్యంలో చిన్న పరిశోధనాశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. 1969 నుంచి దానిని జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాం. ఆ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు శరీరపు బరువులో ప్రతి కిలోకూ రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలును. అంటే 60 కిలోల బరువున్న మనిషికి సుమారు 50 గ్రాములు.

"అది కుర్చీలో కూర్చుండేవారి లెక్క, నేను బరువులు ఎత్తుతున్నాను" అని కుమారుడు అనవచ్చు. అతని మాటలో న్యాయమున్నది. 2018లో బ్రిటిష్ క్రీడావైద్య పత్రిక ఒకటి 49 ప్రయోగాలను, అందులో పాల్గొన్న 1863 మందిని ఒక్కచోట చేర్చి పరిశీలించిన వ్యాసాన్ని ప్రకటించింది. బరువులెత్తే వ్యాయామం చేసేవారికి, కిలోకు రోజుకు సుమారు 1.6 గ్రాముల వరకు మాంసకృత్తుల వల్ల అదనపు ప్రయోజనం కనబడింది. అంతకు మించి తిన్నందువల్ల కండ పెరుగుదలలో విశేషం కనబడలేదు. మరొక సంగతి కూడా ఆ పరిశీలనలో తేలింది. వ్యాయామంతోపాటు అదనంగా మాంసకృత్తులు తీసుకొన్నవారికి, వ్యాయామం మాత్రమే చేసినవారికంటె ఎక్కువగా పెరిగిన కండ సగటున 300 గ్రాములు. కిలోలు కాదు, గ్రాములే. కండ పెరుగుదలలో అధికభాగం వ్యాయామానిదే. అదనపు మాంసకృత్తులది చిన్న వాటా. డబ్బామీది బొమ్మ ఈ వాటాల సంగతి చెప్పదు.

శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం సాధించింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ స్థాయి శ్రమ చేసేవారి ఆహారం వేరు, అవసరం వేరు, వారి వెంట శిక్షకులూ వైద్యులూ ఉంటారు. వారానికి మూడునాలుగు రోజులు, రోజుకొక గంట వ్యాయామశాలకు పోయివచ్చే మన అబ్బాయి ప్రశంసింపదగినవాడే; కాని అతడు మల్లీశ్వరి కాడు. 60 కిలోల ఆ అబ్బాయికి పై హద్దు 1.6 గ్రాముల చొప్పున లెక్క కట్టినా, రోజుకు 96 గ్రాములు. ఇప్పుడు అతని కంచంలోకి తొంగి చూద్దాం.

రోజు మొత్తంమీద 300 గ్రాముల బియ్యపు అన్నం తింటే అందులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు. పప్పులో 40 గ్రాముల కందిపప్పు పడితే 9 గ్రాములు. పాలు, పెరుగు కలిసి 400 మిల్లీలీటర్లు అయితే 13 గ్రాములు. రెండు కోడిగ్రుడ్లు 12 గ్రాములు. గుప్పెడు వేరుసెనగ పప్పు, అంటే 30 గ్రాములు, ఇంకొక 7 గ్రాములు. ఉదయం నాలుగు ఇడ్లీలు 8 గ్రాములు. మొత్తం 73 గ్రాములు. సాధారణ మనిషి అవసరాన్ని ఇది అప్పుడే దాటిపోయింది. ఇడ్లీకి బదులు 70 గ్రాముల పెసలు నానబోసి పెసరట్టు పోస్తే 16 గ్రాములు వస్తాయి, మొత్తం 81. మాంసం తినే ఇంటిలో ఆ రోజు 100 గ్రాముల చేపో కోడిమాంసమో వండితే 18 నుంచి 20 గ్రాములు కలుస్తాయి. తినని ఇంటిలో 30 గ్రాముల సోయా ముక్కలు కూరలో వేస్తే 15 గ్రాములు. లెక్క 96 దగ్గరకు వచ్చి నిలిచింది. డబ్బా మూత ఇంకా మనం తీయనే లేదు.

ఇక్కడ రెండు చిన్న జాగ్రత్తలున్నవి. రోజంతటి మాంసకృత్తులను ఒక్క పూటలో తినటం కంటె మూడు పూటలకు పంచుకోవటం మేలు. వ్యాయామం ముగిసిన అరగంటలోపల పొడి త్రాగకపోతే శ్రమ అంతా వ్యర్థమనే ప్రచారాన్ని నమ్మనక్కరలేదు. ఆ రోజు తినే మొత్తమే ముఖ్యం. ఇక రెండవది, కండ కోసమని అన్నం మానివేసి పొడి మీద ఆధారపడటం. దీనిని గురించి మన హైదరాబాదు సంస్థ చరిత్రలో ఒక పెద్ద పాఠమున్నది. 1950, 60 దశకాలలో పేదదేశాల పిల్లలకు మాంసకృత్తుల కొరతే మహావిపత్తని ప్రపంచమంతా నమ్మింది. 1968లో ఐక్యరాజ్యసమితి సైతం రానున్న మాంసకృత్తుల సంక్షోభాన్ని గురించి హెచ్చరించింది. ఆ రోజులలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు మన పిల్లల ఆహారాన్ని పరిశీలించి, వారికి ముందుగా కరువైనది కడుపునిండా తిండి అని చూపారు. కడుపు నిండనప్పుడు శరీరం మాంసకృత్తులను సైతం పొయ్యిలో కట్టెలుగా వాడుకొంటుంది. టేకు దూలాన్ని చీల్చి వంట చేసుకోవటం వంటిది అది. ఆ సంస్థ రూపొందించిన హైదరాబాదు మిశ్రమం ఈ ఆలోచననుంచి పుట్టినదే. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన సెనగపప్పు 16 గ్రాములు, వేరుసెనగ పప్పు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు – ఇంతే దాని సరంజామా. 330 కేలరీల శక్తి, 11 గ్రాముల మాంసకృత్తులు అందులో ఉన్నవి. చిక్కిపోయిన పిల్లలను కోలుకొనేట్లు చేయటానికి ఉద్దేశించిన ఆ పొడిని ఏ తల్లి అయినా ఇంటిలో దంచుకోవచ్చు.

ఇంతమాత్రాన డబ్బా పనికిరానిదని నేను అనటం లేదు. అది విషం కాదు, అమృతమూ కాదు, ఎండబెట్టిన ఆహారం. పాలలో నిమ్మరసం పిండితే ముద్ద విడిపోయి, పైన పచ్చని తేట నిలుస్తుంది. పాలలోని మాంసకృత్తులలో నూటికి 80 పాళ్ళు ఆ ముద్దలో, 20 పాళ్ళు ఆ తేటలో ఉంటాయి. ముద్దలోనిది కేసీన్, తేటలోనిది వే ప్రోటీన్. చీజు తయారుచేసే దేశాలలో ఈ తేటను చాలాకాలం పందులకు పోసేవారు, కాలువలలోకి వదిలేవారు. సన్నని పొరల గుండా వడపోసి ఎండబెట్టే పద్ధతులు వచ్చిన తరువాత ఆ నీరే విలువైన సరుకు అయింది. నూటికి సుమారు 80 పాళ్ళ వరకు మాంసకృత్తులున్న రకాన్ని కాన్సెంట్రేట్ అంటారు. మరింత వడపోసి 90 పాళ్ళకు తెచ్చినది ఐసొలేట్. పాలు పడక కడుపుబ్బరించేవారికి ఐసొలేట్ కొంత నయం. అందులో లాక్టోస్ అనే పాలచక్కెర బహుస్వల్పం. ముందుగానే కొంత జీర్ణం చేసి అమ్మేది హైడ్రొలైసేట్. ధర ఎక్కువ, సామాన్యునికి దానివల్ల ఒరిగేది తక్కువ. పాలు పడేవారికి కాన్సెంట్రేట్ చాలును.

లెక్క కట్టి చూచిన తరువాత కూడా నిజంగా కొరత మిగిలి, పొడి కొనదలచినవారు దుకాణంలో డబ్బా ముందువైపు చూడవద్దు. వెనుకకు త్రిప్పి చూడండి. ముందువైపు ప్రకటన ఉంటుంది, వెనుకవైపు వివరం ఉంటుంది.

మొదట 100 గ్రాముల పొడిలో ఎన్ని గ్రాముల మాంసకృత్తులున్నవో చూడండి. 30 గ్రాముల చెంచాకు 24 గ్రాములని ఉంటే నూటికి 80 పాళ్ళన్నమాట. పెద్ద చెంచాకు ఇరవై గ్రాములని గొప్పగా వ్రాసి, ఆ చెంచా బరువు మాత్రం 100 గ్రాములని అడుగున చిన్న అక్షరాలలో వ్రాస్తే, మిగిలిన 80 గ్రాములు ఏమిటని అడగాలి. బరువు పెంచే పొడులనే పేరుతో అమ్మే వాటిలో చాలావరకు మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం, చక్కెర ఉంటాయి. చక్కెర మన ఇంటిలోనే ఉన్నది గదా!

తరువాత అందులో కలిపిన వస్తువుల పట్టిక చదవండి. ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది తరువాత వ్రాయాలని నిబంధన. మొదటి పేరు చక్కెరది, పిండిది అయితే ఆ డబ్బాను అక్కడే ఉంచి రండి. పట్టికలో గ్లైసీన్, టారీన్ వంటి చౌక పదార్థాల పేర్లు విడిగా కనబడితే అనుమానించండి. దానికి కారణమున్నది. ఆహారంలోని మాంసకృత్తులను లెక్కించటానికి డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు కెల్డాల్ 1883లో ఒక పద్ధతి కనిపెట్టాడు. అది నత్రజనిని కొలిచి, దానిని 6.25తో హెచ్చించి, ఇంత మాంసకృత్తు అని చెబుతుంది. నత్రజని ఎక్కడినుంచి వచ్చిందో ఆ పద్ధతి అడగదు. మోసగాడికి ఆ సందు చాలును. 2008లో చైనాలో నీళ్ళు కలిపిన పాలలో, లెక్క సరిపెట్టటానికి, నత్రజని అధికంగా ఉన్న మెలమీన్ అనే రసాయనాన్ని కలిపారు. 6గురు పసిపిల్లలు మరణించారు. సుమారు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు. పొడి డబ్బాలో చౌక అమినో ఆమ్లాలు కలపటం అంత ఘోరం కాకపోయినా, మూలంలో అదే జాతి మోసం.

మన దేశంలో అమ్మే 36 రకాల పొడులను కేరళకు చెందిన వైద్యుల బృందం పరీక్షింపజేసి 2024లో ఫలితాలు ప్రకటించింది. 25 రకాలలో డబ్బామీద వ్రాసిన మాంసకృత్తుల లెక్కకూ లోపల ఉన్న లెక్కకూ పొంతన లేదు. 5 రకాలలో బూజువల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం, 3 రకాలలో పురుగుమందుల శేషాలు కనబడ్డవి. కనుక ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల అనుమతి సంఖ్య, తయారుచేసినవారి పూర్తి చిరునామా, దిగుమతి సరుకైతే తెచ్చినవారి చిరునామా, చెదరని ముద్ర – ఇవి లేనిదే డబ్బా కొనవద్దు. స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఆ ఫలితాన్ని అందరికీ చూపే తయారీదారు ఎవరైనా ఉంటే, అతడికి ముందు స్థానం ఇవ్వండి. నెలలో కొవ్వు కరిగిస్తానని, హార్మోనులు పెంచుతానని వాగ్దానం చేసే డబ్బాలను దగ్గరకు రానీయకండి. అటువంటి కొన్నింటిలో చెప్పకుండా కలిపిన స్టెరాయిడ్ మందులు బయటపడిన ఉదంతాలు ఎన్నో దేశాలలో ఉన్నవి. పోటీలలో పాల్గొనే క్రీడాకారులు మరీ జాగ్రత్తపడాలి. శరీరంలో నిషిద్ధ పదార్థం కనబడితే, పొడి అమ్మినవాడు కాదు, త్రాగిన క్రీడాకారుడే జవాబుదారీ.

ఇక ధర. డబ్బా ధరను దానిలోని మొత్తం మాంసకృత్తుల గ్రాములతో భాగించండి. ఉదాహరణకు కిలో పొడి 2400 రూపాయలు, అందులో మాంసకృత్తులు 800 గ్రాములు అనుకొందాం. గ్రాముకు 3 రూపాయలు. కిలో కందిపప్పు 160 రూపాయలు, అందులో మాంసకృత్తులు 220 గ్రాములు అనుకొంటే గ్రాముకు ముప్పావలాకు లోపు. 7 రూపాయల గ్రుడ్డులో 6 గ్రాములుంటే గ్రాముకు 1 రూపాయి 20 పైసలలోపే. మీ ఊరి ధరలతో ఈ భాగహారం మీరే చేసి చూచుకోండి. నిట్టూర్చే తండ్రికి అంకెలతో మాట్లాడే అవకాశం కలుగుతుంది.

తల్లి భయం మాట మిగిలింది. మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉన్నవారికి, మనం అనుకొన్న హద్దులలో తిన్న మాంసకృత్తులు ఆ అవయవాలను చెడగొడతాయని రుజువు కాలేదు. అయితే మితిమీరిన మాంసకృత్తులు దీర్ఘకాలం తీసుకోవటం ఎముకలకూ మూత్రపిండాలకూ మేలు కాదని, కండలకోసం పొడులను ఆశ్రయించవద్దని 2024లో విడుదల చేసిన ఆహార సూత్రాలలో మన హైదరాబాదు సంస్థ హెచ్చరించింది. మూత్రపిండాల జబ్బు ఇదివరకే ఉన్నవారికి మాంసకృత్తులు నిజంగానే భారం. ఆ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, మాట్లాడదు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, వారి సంతానం, మూత్రంలో రాళ్ళు వచ్చినవారు డబ్బా కొనే ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవటం మంచిది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం పరిసరాలలో మధుమేహం లేనివారిని, పొలంలో కష్టపడేవారిని సైతం ఈ జబ్బు పట్టుకొంటున్నది. ఆ ప్రాంతపు యువకులు ఈ పరీక్షకు ముందు డబ్బా మూత తీయరాదు. పరీక్ష ఖర్చు డబ్బా ఖర్చులో చిన్న ముక్క.

కుమారుడి లెక్క, తండ్రి లెక్క, తల్లి భయం అయిపోయినవి. కాని ఆ ఇంటిలో నాలుగవ మనిషి ఉన్నది. ఆమె ఈ చర్చలో పాల్గొనలేదు, ఆమెను ఎవరూ అడగలేదు కూడా. ఆమె నాయనమ్మ. వయస్సు డెబ్బై, బరువు 50 కిలోలు. ఆమె కంచం కూడా లెక్క కట్టి చూద్దాం. ఉదయం కాఫీలో పాలు, 3 గ్రాములు. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యపు అన్నం, 8 గ్రాములు. పప్పుచారులో పడిన కందిపప్పు, 2 గ్రాములు. పలుచని మజ్జిగ, 2 గ్రాములు. రాత్రి రెండు ఇడ్లీలు 4 గ్రాములు, చిన్న గ్లాసెడు పాలు 5 గ్రాములు. మొత్తం 24 గ్రాములు. "ఈ వయస్సులో నాకింతకంటె ఏం కావాలి నాయనా?" అంటుంది ఆమె. శాస్త్రం మాత్రం అలా అనటం లేదు. నడివయస్సు నుంచే మన కండ కొంచెంకొంచెంగా తరుగుతూ వస్తుంది. 1989లో అమెరికా శాస్త్రజ్ఞుడు రోసెన్‌బర్గ్ దీనికి సార్కోపీనియా అని పేరు పెట్టాడు. పీట మీద నుంచి లేవటానికి గోడ పట్టుకోవటం, మెట్లు ఎక్కటానికి జంకటం, కాలు జారి తుంటి ఎముక విరగటం – వీటి వెనుక ఈ కండ తరుగుదల పాత్ర చాలా ఉన్నది. వృద్ధుల శరీరం అదే మాంసకృత్తులనుంచి యువకుల శరీరమంత కండను కట్టలేదు. కనుక వారికి కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల వరకు కావాలని 2013లో నిపుణుల బృందమొకటి సూచించింది. మన నాయనమ్మకు అది 50 నుంచి 60 గ్రాములు. ఆమెకు అందుతున్నది అందులో సగమైనా కాదు.

చూచారా! ఇంటిలో నిజమైన కొరత ఉన్నది ఆమెకు. డబ్బా వచ్చినది మనుమడికి.

నాయనమ్మకు పప్పుచారుకు బదులు గట్టిపప్పు, మజ్జిగకు బదులు కప్పుడు పెరుగు, ఇడ్లీకి బదులు మెత్తని పెసరట్టు, తినేవారైతే ఉడికించిన గ్రుడ్డు పెట్టండి. మధుమేహం లేకపోతే మినపసున్ని ఉండ సాయంత్రపు పలహారం కావచ్చు. పళ్ళు లేక నమలలేకపోతే, ఆకలి మందగిస్తే, జబ్బుపడి లేచి చిక్కిపోతే, అప్పుడు ఆ డబ్బాకు నిజమైన పని పడుతుంది. వైద్యుని సలహాతో, మూత్రపిండాల పరీక్ష చూచుకొని, రాగిజావలోనో పాలలోనో ఒక చెంచాడు రుచి కలపని పొడి వేసి ఇస్తే, నమలకుండానే 20 గ్రాములకు పైగా అందుతాయి. ఆమెకు తాపీపనివాడు కూడా కావాలి సుమా! గోడ ప్రక్కన గట్టి కుర్చీ వేసి, వీలైనంతవరకు చేతి ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోమనండి. ప్రక్కన మనుమడు నిలబడాలి. వ్యాయామశాలలో నేర్చుకొన్న విద్య ఇంటిలో అక్కరకు వచ్చేది అక్కడనే.

అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన పలుచని చారుతో చివరన భోజనం చేసే ఇల్లాలి కంచమూ ఇటువంటిదే. పురిటికి వచ్చిన ఆడపడుచు సంగతి చెప్పనక్కరలేదు. గర్భిణికి నాలుగవ నెల నుంచి రోజుకు 9.5 గ్రాములు, చివరి మూడు నెలలలో 22 గ్రాములు అదనంగా కావాలని 2020 నాటి లెక్కలే చెబుతున్నవి. ఈ అదనం పాలలో, పప్పులో, గ్రుడ్డులో వారికి అందుతున్నదా అని ఇంటి పెద్ద విచారించాలి.

కనుక శ్రోతలకు నా మనవి ఒక్కటే. ఒక వారం రోజులపాటు ఇంటిలో ఎవరు ఏమి తిన్నారో ఒక కాగితం మీద వ్రాయండి. ఇప్పుడు చెప్పుకొన్న అంకెలతో ప్రతి ఒక్కరికీ రోజుకు ఎన్ని గ్రాములు అందినవో కూడి చూడండి. పేరు ఎదుట అంకె, అంకె ఎదుట అవసరం వ్రాయండి. ఎవరి పేరు ఎదుట లోటు ఎక్కువ కనబడితే, రేపటి పప్పు గరిటెను ముందుగా ఆ కంచం వైపు త్రిప్పండి. పెరుగు గిన్నెను ఆ ప్రక్కకు జరపండి. అప్పటికీ తీరని లోటు మిగిలితే దుకాణానికి వెళ్ళి, డబ్బాను వెనుకకు త్రిప్పి, చదివి కొనండి. ఎవరి లోటు కోసం కొన్నారో వారికే మొదటి చెంచా ఇవ్వండి.